లీటరెంత, మిల్లీగ్రామెంత: అందం ఆపరేషన్ల మీద మీ ప్రశ్నలు

అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీ మీద ప్రశ్నలు పంపమంటే రెండు గోదావరి జిల్లాల నుంచీ, కోనసీమ, కాకినాడల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. చాలామంది అడిగింది ఒకటే: ఫలానా టెక్నిక్ మంచిదా, ఫలానా మిషన్ మంచిదా అని. మిషన్ పేరు అంత ముఖ్యం కాదు. ఒంట్లోకి ఎంత మందు ఎక్కిస్తున్నారు, ఎంత తీస్తున్నారు, ఎవరు చేస్తున్నారు, ఆ రాత్రి మీరు ఎక్కడుంటారు అన్నవే మంచిచెడ్డలు తేలుస్తాయి. అందుకే జవాబుల్లో అంకెలు కాస్త ఎక్కువగా ఉంటాయి. ఉత్తరాల్లోంచి పేర్లు, గుర్తుపట్టగల వివరాలు తీసేశాం.

ప్రశ్న: నా వయసు 38, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 80 కిలోలు. పొట్ట, నడుము, తొడల దగ్గర కొవ్వు తీయించుకుందామని ఒకచోట అడిగితే "లేజర్ లైపో అమ్మా, పూర్తి మత్తు అక్కర్లేదు, సూది మత్తుతోనే ఎనిమిది లీటర్లు తీసేస్తాం, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు" అన్నారు. మూడు నెలల్లో మా మరిది పెళ్లి ఉంది. చేయించుకోవచ్చా అండీ? (తణుకు)

జవాబు: సూది మత్తు, ఎనిమిది లీటర్లు, సాయంత్రానికి ఇల్లు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

లైపోసక్షన్‌లో, అంటే సన్న గొట్టంతో కొవ్వు లాగేసే ఆపరేషన్‌లో, ముందుగా కొవ్వు పొరలోకి ట్యూమసెంట్ ద్రావణం ఎక్కిస్తారు. అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రచురించిన పద్ధతి ఇది. లీటరు సెలైన్‌లో 500 నుంచి 1,000 మిల్లీగ్రాముల లిడోకైన్, ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్, కొంచెం సోడియం బైకార్బనేట్ కలుపుతారు. లిడోకైన్ నొప్పి తెలియనివ్వదు, అడ్రినలిన్ రక్తనాళాలను ముడుస్తుంది. ద్రావణం ఎక్కించకుండా పొడిగా లాగిన రోజుల్లో బయటికొచ్చిన దాంట్లో 20 నుంచి 45 శాతం దాకా రక్తమే ఉండేది. ఇప్పుడది ఒక శాతం చిల్లర. లైపో ప్రమాదం తగ్గిందంటే ఆ పుణ్యం లేజర్‌ది కాదు, ఈ ఉప్పునీళ్లది.

అయితే లిడోకైన్‌కి ఒక హద్దుంది. ట్యూమసెంట్ పద్ధతిలో ప్లాస్టిక్ సర్జన్లు ఎక్కువగా పాటించే హద్దు కిలో బరువుకి 35 మిల్లీగ్రాములు. మీ 80 కిలోలకి 2,800. లీటరుకి 500 చొప్పున కలిపినా 5.6 లీటర్ల ద్రావణం దగ్గర ఆగిపోవాలి. లీటరుకి 1,000 కలిపితే 2.8 లీటర్లే. ఎనిమిది లీటర్లు తీయాలంటే ఎంత తక్కువ చూసుకున్నా అంతే ద్రావణం ఎక్కించాలి, కేవలం సూది మత్తుతో చేసేటప్పుడు అంతకు రెండింతలు కూడా పడుతుంది. ఎనిమిది లీటర్లకి అయిదొందల చొప్పున 4,000 మిల్లీగ్రాములు. మీ హద్దు ఎప్పుడో దాటిపోయింది.

ఇక సాయంత్రానికి ఇల్లు. కొవ్వులోకి ఎక్కించిన లిడోకైన్ వెంటనే రక్తంలోకి రాదు, మెల్లగా దిగుతుంది. రక్తంలో దాని మోతాదు శిఖరానికి చేరేది 8 నుంచి 16 గంటల తర్వాత. పొద్దున పదకొండింటికి ఎక్కిస్తే రాత్రి ఏడు నుంచి తెల్లవారుజాము మూడు మధ్య అన్నమాట. అప్పటికి మీరు తణుకులో మీ మంచం మీద ఉంటారు. పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం, కండరాలు అదరడం, ఆ తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం, ఇదీ వరస. దీనికి విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే పాలలాంటి కొవ్వు ద్రవం, మొదటి మోతాదు కిలోకి ఒకటిన్నర మిల్లీలీటరు, నరంలోకి. ఆపరేషన్ థియేటర్లో ఆ సీసా ఉందా అని అడగండి. లేదంటే మీ లిడోకైన్ లెక్క ఎవరూ సరిగ్గా వేసి ఉండరు.

మన వైపు తామరకి ఇట్రాకొనజోల్ మాత్రలు నెలల తరబడి వాడేవాళ్లు చాలామంది. ఆ మాత్ర, ఫ్లుకొనజోల్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటివి కాలేయం లిడోకైన్‌ని విరగ్గొట్టే వేగాన్ని తగ్గిస్తాయి. "చర్మం మందే కదా" అని డాక్టరుకి చెప్పడం మానేస్తారు. అది చెప్పి తీరాల్సిన విషయం.

బయటికొచ్చే కొవ్వూ ద్రవమూ కలిపి 5 లీటర్లు దాటితే దాన్ని పెద్ద లైపో కిందే లెక్కేసి, మత్తు డాక్టరు చూసుకుంటుండగా చేసి, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి మూత్రం, బీపీ, ఆక్సిజన్ గమనించాలి. పొట్టకీ తొడలకీ విడివిడిగా రెండుసార్లు చేయించుకోవడం ఖర్చే గానీ తెలివైన ఖర్చు. లేజర్ కొవ్వుని కరిగిస్తుంది, చర్మాన్ని కొద్దిగా బిగిస్తుంది. చెయ్యి తప్పితే లోపలి నుంచే కాలుస్తుంది కూడా. గొట్టం మందం, అది ఏ లోతులో నడిచింది, ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి, వీటితో పోలిస్తే లేజర్ ఉందా లేదా అన్నది చిన్న తేడా. చర్మానికి మరీ దగ్గరగా నడిపితే గుంటలు, గట్లు మిగులుతాయి. వాటిని సరిచేయడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం.

మీ ఎత్తుకి 80 కిలోలంటే బీఎంఐ 32 పైన. లైపో బరువు తగ్గించే వైద్యం కాదు, ఆకారం సరిచేసేది. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. వెల్లకిలా పడుకుని పొట్ట చూసుకోండి. పక్కలకి జారి పలచబడితే కొవ్వు చర్మం కింద ఉంది, గొట్టానికి అందుతుంది. పడుకున్నా గుమ్మటంలా నిలబడితే కొవ్వు పేగుల చుట్టూ ఉంది, ఏ మిషనూ దాన్ని లాగలేదు, తిండి తగ్గించి నడవాల్సిందే. ముందు ఆరేడు కిలోలు తగ్గి, ఆ బరువు ఆరు నెలలు నిలబెట్టుకున్నాక మళ్లీ ఆలోచించండి. మరిది పెళ్లికి ఎలాగూ అందదు. వాపు చాలావరకు దిగడానికే మూడు నెలలు, అసలు ఆకారం తేలడానికి ఆరు నెలలు పడుతుంది.

ప్రశ్న: ఆపరేషన్ అయ్యాక పప్పు, గుడ్డు, వంకాయ, గోంగూర తింటే కుట్లు చీము పడతాయని మా అత్తగారు నెలరోజులు బీరకాయ పత్యం అంటున్నారు. నిజమేనా? (అమలాపురం)

జవాబు: చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి రోజుకి 70 నుంచి 90 గ్రాములు అవసరం. గుడ్డుకి ఆరు గ్రాములు వస్తాయి, వంద గ్రాముల చేపముక్కకి దాదాపు ఇరవై. బీరకాయ కూరతో ఆ లెక్క తేలదు. అత్తగారి మాట కాదనడం ఇబ్బందైతే బీరకాయలో పెసరపప్పు వేసి వండమనండి.

నిజంగా పత్యం పట్టాల్సింది ఆపరేషన్‌కి ముందు. ఆస్పిరిన్, చేపనూనె మాత్రలు, విటమిన్ ఈ, వెల్లుల్లి మాత్రలు, బలానికని తినే లేహ్యాలు రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేయవచ్చు. మామూలుగా వారం పదిరోజుల ముందే ఆపమంటారు. గుండెకోసం ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం గుండె డాక్టరుని అడగకుండా ఆపకూడదు. సిగరెట్, చుట్ట, ఖైనీ ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు బంద్.

ప్రశ్న: వయసు 34, రెండు సిజేరియన్లు. చిన్నవాడికి మూడేళ్లు. పొట్ట కింద మడత వేలాడుతోంది, నడుం నొప్పి. జిమ్‌లో ఏడాది కష్టపడ్డా మడత పోలేదు. టమ్మీ టక్ అంటున్నారు. వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో చేయించుకుని మూడో రోజు రాత్రి బస్సుకి వచ్చేద్దామని మావారు అంటున్నారు. (మండపేట)

జవాబు: ఆపరేషన్ మీకు సరిపోయేలాగే ఉంది. మీవారి ప్రయాణం లెక్కే బాగాలేదు.

వేలాడే చర్మం వ్యాయామానికి బిగుసుకోదు, అందులో మీ తప్పేం లేదు. ముందు కండరాలు చూసుకోండి. మోకాళ్లు మడిచి పడుకుని తల కొంచెం పైకెత్తి, బొడ్డుకి పైన వేళ్లు అడ్డంగా పెట్టండి. నడుమ రెండు వేళ్లకి మించి సందు దొరికితే పొట్ట కండరాలు రెండూ ఎడంగా జరిగాయి. నడుం నొప్పికి అదీ ఒక కారణం కావచ్చు. బొడ్డు దగ్గర చిన్న హెర్నియా ఉండటం కూడా మామూలే, అందుకే ముందు స్కానింగ్ తప్పనిసరి. ముందే కనిపెట్టని హెర్నియాలో పేగు ఉంటే కత్తి దానికే తగలొచ్చు.

ఈ ఆపరేషన్‌లో ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా, బికినీ గీత ఎత్తులో కోస్తారు. మీ సిజేరియన్ మచ్చ ఆ తీసేసే ముక్కలోనే పోతుంది. చర్మాన్ని పక్కటెముకల దాకా పైకి లేపి, ఎడమైన కండరాలను మధ్యగీత వెంట కుట్టి దగ్గరికి లాగి, మిగిలిన చర్మం కోసేసి, బొడ్డుని దాని చోటే ఉంచి పైచర్మంలో కొత్త కన్నం చేసి బయటికి తెస్తారు. మచ్చ పొడుగ్గానే ఉంటుంది, ఏడాదికి గానీ లేతబడదు. "మచ్చ కనపడకుండా" అన్నవాళ్ల దగ్గర ఇక కూర్చోవద్దు. "దీంతోపాటు పై పొట్టకి కూడా గట్టిగా లైపో కొట్టేస్తాం" అన్నా అనుమానించండి. లేపిన చర్మానికి రక్తం పక్కల నుంచే రావాలి. నడిమి పై పొట్టలో విచ్చలవిడిగా గొట్టం తిప్పితే ఆ దారులు తెగి, బొడ్డుకీ కుట్టుకీ మధ్యనున్న చర్మం నల్లబడి ఊడిపోతుంది. పొగ తాగేవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ.

చర్మం కింద నీరు చేరడం ఎక్కువగా వచ్చే చికాకు. దానికే ఒకటో రెండో డ్రెయిన్ గొట్టాలు పెడతారు. రోజుకి 30 మిల్లీలీటర్లకి తగ్గాక తీస్తారు, సాధారణంగా అయిదు నుంచి పది రోజులు. కొందరు సర్జన్లు చర్మాన్ని లోపలి పొరకి అక్కడక్కడ కుట్టేసి గొట్టం అవసరమే లేకుండా చేస్తారు, అది మంచి పద్ధతి, సమయం కొంచెం ఎక్కువ పడుతుంది. నీరు చేరితే పొట్ట మీద చెయ్యి వేసి తట్టినప్పుడు అలలా కదులుతుంది. సిరంజితో తీసేయొచ్చు, ఒక్కోసారి మూడు నాలుగు సార్లు తీయాల్సి వస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చేది పిక్కల్లో కట్టిన రక్తపు గడ్డ. అది కదిలి ఊపిరితిత్తికి పోతే క్షణాల్లో కథ మారుతుంది. అందం ఆపరేషన్లలో టమ్మీ టక్‌కి ఈ ప్రమాదం ఎక్కువగా ఉన్నవాటిలో ఒకటన్న పేరుంది. కడుపు బిగించి కుట్టడం వల్ల కాళ్ల నుంచి రక్తం పైకి రావడం మందగిస్తుంది, నొప్పికి మనిషి కదలదు. దాని మీద మూడో రోజే కాళ్లు వేలాడేసి రాత్రంతా బస్సులో కూర్చుంటే గడ్డ కట్టమని పిలిచినట్టే. ఆపరేషన్ అయిన సాయంత్రమే పట్టుకుని నడిపించాలి, వంగి నడిచినా సరే. మీ ప్రమాదాన్ని లెక్కగట్టి అవసరమైతే రక్తం గడ్డకట్టనివ్వని ఎనాక్సాపరిన్ సూదులు ఇస్తారు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే నాలుగు వారాల ముందు మానేయమంటారు. ఆసుపత్రికి దగ్గర్లోనే వారం పదిరోజులు గది తీసుకోండి. తిరుగు ప్రయాణం బస్సు కన్నా గౌతమి రైల్లో లోయర్ బెర్త్ నయం, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయొచ్చు. ఇంటికొచ్చాక ఒక్క పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పోటు వచ్చినా ఫోన్‌లో సలహా అడుగుతూ కూర్చోకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి.

వేసవి సెలవులు వద్దు. ఆరు వారాలు రాత్రింబగళ్లు బిగుతు బెల్టు వేసుకోవాలి. మే నెలలో మన ఉక్కపోతలో ఆ బెల్టు కింద చెమట నిలిచి, చర్మం ఒరిసి, తామర పట్టి, చివరికి విసిగి తీసిపారేస్తారు. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. కాకపోతే కార్తీక స్నానాలకని కుట్లతో కాలవలో దిగవద్దు. రెండు బెల్టులు కొనుక్కోండి, కింద పల్చటి నూలు బనీను వేసుకోండి, రోజూ ఉతికిందే తొడుక్కోండి. ఆరు వారాలు నీళ్ల బిందె గానీ, గ్యాస్ సిలిండర్ గానీ, చంటివాడిని గానీ ఎత్తకూడదు. రక్తం ముందే పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే ఐరన్‌తో పెంచుకుని వెళ్లండి. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే వద్దు.

ప్రశ్న: రాజమండ్రిలో ఒక బ్యూటీ పార్లర్‌లో ఇంజక్షన్‌తో ముక్కు సూటిగా చేస్తామంటున్నారు. కోత లేదు, పావుగంట పని. ఆపరేషన్ కాదు కనక భయం లేదంటున్నారు. (కడియం)

జవాబు: భయపడాల్సింది ఇక్కడే. ముక్కు, కనుబొమల నడుమ ఉండే సన్నటి ధమనులు కంటికి రక్తమిచ్చే ధమనితో కలిసి ఉంటాయి. ఆ ఇంజక్షన్‌తో ఎక్కించే ఫిల్లర్ జెల్ పొరపాటున నాళంలోకి పోయి, సూది ఒత్తిడికి వెనక్కి నడిస్తే కంటిలోపలి పొరకి రక్తం ఆగుతుంది. ఆ పొర రక్తం లేకుండా గంట, గంటన్నరకి మించి ఓర్చుకోలేదు. చూపు పోతే తిరిగి రావడం చాలా అరుదు. చర్మానికి రక్తం ఆగితే ముందు తెల్లబడుతుంది, తర్వాత వలలాగా ఊదారంగు చారలు, ఆపైన పుండు. మామూలు ఇంజక్షన్‌కి ఉండే నొప్పి కన్నా చాలా ఎక్కువ నొప్పి వస్తుంది, అయితే మత్తుమందు కలిపిన ఫిల్లర్లలో నొప్పి తెలియకపోనూ వచ్చు.

హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే హయలురోనిడేజ్ ఇంజక్షన్‌తో కరిగించొచ్చు. ఒకసారి కాదు, గంట గంటకీ ఎక్కువ మోతాదులో, చర్మం మళ్లీ ఎర్రబడేదాకా. ఆ మందు వయల్స్ గదిలో ఉండాలి, మందుల షాపుకి పరిగెత్తే వ్యవధి ఉండదు. పార్లర్ ఆవిణ్ని "ఏ కంపెనీ ఫిల్లర్, దేంతో కరుగుతుంది, ఆ మందు మీ దగ్గరుందా" అని అడిగి చూడండి. ద్రవ సిలికోన్ లాంటివి ఎక్కించాక కరిగించే మందే లేదు. ఇంకో మాట, ఫిల్లర్ నింపుతుందే తప్ప తగ్గించదు. లావాటి ముక్కు దానివల్ల సన్నబడదు, గుంట ఉన్నచోట గీత సూటిగా కనపడుతుందంతే. ఏడాది చిల్లరకి కరిగిపోతుంది కూడా.

ప్రశ్న: 22 ఏళ్లు. ఎనిమిదో తరగతి నుంచి ఛాతీ ఆడపిల్లలకి ఉన్నట్టు ఉంటుంది. చొక్కా విప్పి కాలవలో ఈదింది లేదు. జిమ్‌లో పౌడర్లు, కొన్ని ఇంజక్షన్లు వాడాక ఎక్కువైంది. లైపో ఒక్కటే చాలంటున్నారు. (పాలకొల్లు)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఇంజక్షన్లు ఆపు. అవి అనాబాలిక్ స్టెరాయిడ్లైతే వాటిలో కొంత ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది, దానికే గ్రంథి పెరుగుతుంది. వాడుతూ ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ వస్తుంది.

యుక్తవయసులో వచ్చే ఛాతీ వాపు చాలామందికి ఆరునెలల నుంచి రెండేళ్లలో దానంతటదే పోతుంది. నీకు పోలేదు కనక ఇక పోయే అవకాశం తక్కువ. రొమ్ము మొన వెనక వేళ్లతో పట్టుకుని చూడు. రబ్బరు బిళ్లలా గట్టిగా తగిలితే గ్రంథి, మెత్తగా జారిపోతే కొవ్వు. ఎక్కువమందిలో రెండూ కలిసే ఉంటాయి. లైపో గొట్టం కొవ్వుని లాగుతుంది, గ్రంథిని లాగలేదు. "లైపో ఒక్కటే" చేయించుకున్నవాళ్లు ఆరు నెలల తర్వాత మొన ఉబ్బు అలాగే ఉందని మళ్లీ తిరగడానికి కారణం అదే. సరైన పద్ధతిలో పక్కన మూడు నాలుగు మిల్లీమీటర్ల కన్నం నుంచి కొవ్వు తీసి, మొన చుట్టూ నల్లటి వలయం కింది అంచులో కోసి గ్రంథిని తీస్తారు. మొత్తం ఊడ్చేయకూడదు. మొన కింద సుమారు ఒక సెంటీమీటరు మందం వదలాలి, లేకపోతే అక్కడ సాసర్‌లా గుంట పడుతుంది. ఆ గుంటని పూడ్చడం చాలా కష్టం. తీసిన ముక్కని పరీక్షకి పంపమని చెప్పు.

ఆపరేషన్‌కి ముందు కాలేయం, థైరాయిడ్, హార్మోన్ పరీక్షలు చేయించుకోవాలి, వృషణాల పరీక్ష కూడా. సిగ్గుపడి అది వదిలేయకు, అక్కడి గడ్డ వల్ల కూడా ఛాతీ పెరగొచ్చు. ఆపరేషన్ అయ్యాక మొదటి 24 గంటల్లో ఒక పక్క మాత్రమే గట్టిగా ఉబ్బి నొప్పి పెరుగుతుంటే లోపల రక్తం నిలుస్తోందని అర్థం, వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. నాలుగు నుంచి ఆరు వారాలు బిగుతు బనీను. ఛాతీ వ్యాయామాలు ఆ తర్వాతే.

ప్రశ్న: మా అమ్మకి బుట్టల బరువుకి చెవి తమ్మె రెండుగా చీలింది. పార్లర్‌లో మందు రాసి అతికిస్తామంటున్నారు. (రాజోలు)

జవాబు: ఆ మందు చాలాచోట్ల గాఢమైన ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్. చీలిక అంచుల్ని కాల్చి, పుండు చేసి, అతుక్కునేలా చూస్తారు. చిన్న చీలికకి ఒక్కోసారి పనిచేస్తుంది, పూర్తిగా తెగిన తమ్మెకి నిలవదు, చుట్టూ చర్మం కాలి మచ్చపడొచ్చు. ఆపరేషనే సుఖం. సూది మత్తుతో అరగంట పని. చీలిక అంచుల మీద పాత చర్మాన్ని సన్నగా గీసి తీసేసి కుడతారు. ఆ చర్మం తీయకుండా కుడితే ఎన్నాళ్లైనా అతకదు. కుట్టు గీత మీద కాకుండా పక్కన, రెండు మూడు నెలలయ్యాక కొత్త కన్నం పెట్టించుకోవాలి. మళ్లీ బుట్టలే పెట్టుకుంటానంటే మాటీలతో బరువుని జడ మీదికి పంచమనండి. ఇంట్లో ఎవరికైనా చెవి కుట్టించుకున్నచోట గడ్డలా మచ్చ పెరిగి ఉంటే ముందే చెప్పాలి.

ప్రశ్న: 29 ఏళ్లు. వనామీ రొయ్యల చెరువులు చేస్తాను. ముందు జుట్టు బాగా వెనక్కి పోయింది. ఒక్కరోజులో 5,000 గ్రాఫ్టులు పెడతామంటున్నారు. చెరువు పని ఎన్నాళ్లకి చేసుకోవచ్చు? (భీమవరం)

జవాబు: ముందు "5,000 గ్రాఫ్టులా, 5,000 వెంట్రుకలా" అని అడగండి. గ్రాఫ్టంటే వెనక తల నుంచి వేర్లతో సహా తీసి ముందు నాటే చిన్న ముక్క, ఒక్కోదాంట్లో సగటున రెండు వెంట్రుకలుంటాయి. కొన్నిచోట్ల వెంట్రుకలు లెక్కపెట్టి గ్రాఫ్టుల డబ్బులు తీసుకుంటారు.

నిజంగా గ్రాఫ్టులే అయితే అది మీకు లాభం కాదు. వెనక తల మీకు నారుమడి, అయితే పీకిన చోట మళ్లీ నారు మొలవని మడి. ఎక్కువమందికి జీవితం మొత్తం మీద అక్కడి నుంచి తీయగలిగింది 4,000 నుంచి 6,000 గ్రాఫ్టులు. 29 ఏళ్లకే అంతా ముందు పెట్టేస్తే, 40 ఏళ్లకి నడినెత్తి ఖాళీ అయినప్పుడు తీయడానికేం ఉండదు. ముందు ఒక ద్వీపం, దాని వెనక బట్టతల, చూసుకోండి ఎలా ఉంటుందో. ముందుభాగం 50 చదరపు సెంటీమీటర్లు ఉందనుకుంటే, చదరపు సెంటీమీటరుకి 40 చొప్పున 2,000 చాలు. ముందు గీత కనుబొమల నడిమి నుంచి కనీసం ఏడెనిమిది సెంటీమీటర్ల పైన ఉండాలి. కాలేజీ రోజుల గీత అడగకండి. ఉన్న జుట్టు నిలవాలంటే మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ గురించి డాక్టరుతో మాట్లాడాలి. అది లేకుండా నాట్లేస్తే చుట్టూ పాత జుట్టు రాలుతూనే ఉంటుంది.

ఎఫ్‌యూఈ పద్ధతిలో 0.8 నుంచి 1 మిల్లీమీటరు పంచ్‌తో ఒక్కొక్క గ్రాఫ్టూ తీస్తారు. పంచ్ కోణం తప్పితే వేరు మధ్యకి తెగి చచ్చిపోతుంది. తీసినవి చల్లటి ద్రావణంలో ఉంచాలి, బయట ఎంతసేపుంటే అంత నష్టం. పెద్ద సంఖ్యలు ఒక్కరోజులో అన్నప్పుడు నష్టపోయేది ఇక్కడే. లిడోకైన్ లెక్క ఇక్కడా వర్తిస్తుంది, పైగా ఇక్కడ హద్దు ఇంకా తక్కువ. తల చర్మం లైపో కొవ్వు లాంటిది కాదు, మందుని తొందరగా పీల్చుకుంటుంది. అడ్రినలిన్ కలిపినా కిలోకి 7 మిల్లీగ్రాములే.

చెరువు సంగతి. మొదటి రెండు మూడు రోజులు గ్రాఫ్టు తాకితేనే ఊడొస్తుంది. పదో రోజుకి పట్టు దొరుకుతుంది. పెచ్చులు రెండు వారాలకి రాలతాయి. అప్పటిదాకా చెరువులో దిగొద్దు, ఏరేటర్ల తుంపర పడేచోట నిలబడొద్దు, బ్లీచింగ్ చల్లేటప్పుడు గట్టుకి దూరంగా ఉండండి. ఉప్పటి నీటిలో విబ్రియో బాక్టీరియా ఏం చేస్తుందో రొయ్యల రైతుకి చెప్పక్కర్లేదు. అందులో కొన్ని జాతులు మనిషి పచ్చిగాయం గుండా పోయి చర్మాన్ని గంటల్లో కుళ్లబెట్టగలవు, షుగర్, కాలేయ జబ్బు ఉన్నవాళ్లలో ఇంకా ప్రమాదం. పట్టుబడి అయ్యి, చెరువు ఎండగట్టే విరామంలో చేయించుకుంటే అన్నివిధాలా నయం. రెండు వారాల తర్వాత వదులు టోపీ పెట్టుకుని వెళ్లొచ్చు, మూడు నెలలు నేరుగా ఎండ తగలనివ్వకండి. రెండు నుంచి ఆరు వారాల మధ్య నాటిన వెంట్రుకలు రాలిపోతాయి, కంగారొద్దు, వేరు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకి మొలక, ఏడాదికి అసలు ఫలితం.

ప్రశ్న: బోర్డు మీద కాస్మెటిక్ సర్జన్ అని ఉంటే చాలా? ఇన్సూరెన్స్ వస్తుందా? (కాకినాడ)

జవాబు: చాలదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) డిగ్రీ ఉందా చూడండి. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సరిపోల్చుకోండి. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ విషయంలో 2022లో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలిచ్చింది. వర్క్‌షాపుల్లో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవడం చాలదని, పద్ధతిగా శిక్షణ పొందినవాళ్లే చేయాలని అందులో ఉంది. ప్రైవేటు ఆసుపత్రికి 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ గోడకి తగిలించి ఉంటుంది. మత్తు డాక్టరు ఎవరు, ఆపరేషన్ అంతసేపూ ఉంటారా, మధ్యలో ఇంకో ఆసుపత్రికి పరుగు తీస్తారా అన్నది కూడా అడగండి.

అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమనండి. ఒక ఆపరేషన్‌కి సంతకం పెడితే ఇంకోటి కూడా చేసేయడానికి ఒప్పుకున్నట్టు కాదని, ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్ప అలా చేయకూడదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. మీ రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అందం కోసమే చేసే ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ రాదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత సరిచేసే వాటికి వస్తుంది. వైద్యసేవలకుండే జీఎస్టీ మినహాయింపు కూడా వీటికి లేదు, చెప్పిన ప్యాకేజీలో పన్ను కలిసి ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: కుట్లు తీయించుకోవడానికి మళ్లీ అంతదూరం ఎందుకు, మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర తీయించేసుకోవచ్చా? (ఆత్రేయపురం)

జవాబు: కనురెప్పల కుట్లు మూడు నుంచి అయిదు రోజులకి, ముఖం మీదివి అయిదు నుంచి ఏడు రోజులకి, పొట్ట, ఛాతీ మీదివి పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. ముఖం మీదివి ఆలస్యం చేస్తే నిచ్చెన మెట్లలా అడ్డగీతలు మిగులుతాయి, పొట్టవి తొందరపడితే గాయం విచ్చుకుంటుంది. అందుకని రోజు తప్పకూడదు. అంతదూరం వెళ్లలేకపోతే దగ్గరి పట్నంలో ఎంబీబీఎస్ డాక్టరు దగ్గర, సర్జన్ రాసిచ్చిన కాగితం చూపించి తీయించుకోవచ్చు. ఆ ముందురోజు గాయం ఫోటో పగటి వెలుతురులో తీసి సర్జన్‌కి పంపండి. అంచు ఎర్రబడినా, వేడిగా తగిలినా, తడి ఊరుతున్నా కుట్టు ముట్టుకోనివ్వకుండా నేరుగా సర్జన్ దగ్గరికే వెళ్లాలి. ఆర్‌ఎంపీ దగ్గర వద్దు, ముఖ్యంగా "ఎందుకైనా మంచిది" అని వేసే స్టెరాయిడ్ సూది వద్దు. అది గాయం మానడాన్ని వెనక్కి లాగుతుంది.